గోదాం గోడ మీద లెక్కలు

నేను పదో తరగతి చదివిన ఇల్లు ఒక్క గది. గడ్డపోతారంలో మందుల కంపెనీలకు పోయే రోడ్డు నుంచి లోపలికి తిరిగితే ఒక గల్లీ వస్తుంది. ఆ గల్లీలో వరుసగా కట్టిన ఐదు కిరాయి గదుల్లో మూడోది మాది. పైన రేకులు. ముందు ఒక తలుపు, దాని పక్కన ఒక కిటికీ. వెనక గోడకు కిటికీ లేదు. దానికి అవతల ఇంకో వరుస గదులు వీపు ఆనించుకుని ఉండేవి. కిటికీలోంచి చూస్తే ఎప్పుడో మూతపడిన ఒక గోదాం ప్రహరీ గోడ తప్ప ఇంకేమీ కనిపించదు. ఆకాశం చూడాలంటే చువ్వలకు చెంప ఆనించి మెడ పైకి తిప్పాలి.

ఆ గదిలో నలుగురం. నాన్న ఒక మందుల కంపెనీలో హెల్పర్. అమ్మ ఇంకో కంపెనీ క్యాంటీన్‌లో గిన్నెలు కడిగేది. కరోనా రాగానే ఆ క్యాంటీన్ మూసేశారు. చెల్లెలు నాకంటే ఆరేళ్లు చిన్నది. దేశమంతా ఇళ్లల్లో కూర్చున్నప్పుడు కూడా నాన్న డ్యూటీకి పోయాడు, మందులు తయారు చేసే కంపెనీలు ఆగలేదు కాబట్టి. మా వరుసలో రెండు గదుల్లో ఉండే బీహార్ వాళ్లు మూటలు కట్టుకుని వెళ్లిపోయారు. వాళ్ల తలుపులకు తాళాలు పడ్డాక గల్లీ ఇంకా ఇరుకైనట్టు అనిపించింది. మనుషులు తగ్గితే చోటు పెరగాలి కదా. నాకు అలా అనిపించలేదు.

పగలు రేకుల వేడి. సాయంత్రమైతే కంపెనీల వైపు నుంచి వాసన వచ్చేది, కుళ్లిన గుడ్లు కాల్చినట్టు. అది వచ్చిందంటే అమ్మ లేచి కిటికీ మూసేది. అప్పటిదాకా వేడి ఒక్కటే ఉండేది, ఇక వేడి, చీకటి రెండూ. చెల్లెలు ఏడిస్తే నేను కసిరేదాన్ని. నేను కసిరితే అమ్మ నన్ను తిట్టేది. అమ్మ తిట్టాక ముగ్గురం మూడు మూలలకు తిరిగి కూర్చునేవాళ్లం. నాలుగో మూలలో పొయ్యి.

తొమ్మిదో తరగతి పరీక్షలు రాయకుండానే పదికి వచ్చాను. వానాకాలం సగమయ్యాక పాఠాలు మొదలయ్యాయన్నారు, బళ్లో కాదు, టీవీల్లో, ఫోన్లలో. మా టీవీ చెడిపోయి రెండేళ్లయింది. ఫోను ఒకటే, అది నాన్నది. కంపెనీ లోపలికి ఫోను తీసుకుపోనివ్వరు, గేటు దగ్గర పెట్టెలో పెట్టి పోవాలి. నా తోటివాళ్లు పాఠం వింటున్నంతసేపూ మా ఫోను ఆ పెట్టెలో మోగుతూ ఉండేదన్నమాట.

ఒక రోజు షిఫ్టు దిగి ఫోను తీసుకుంటే పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయట, అన్నీ ఒకే నంబరు నుంచి. ఎవరికి ఏమైందోనని నాన్న భయపడి గేటు దగ్గరే నిలబడి ఫోన్ చేశాడు. మా లెక్కల టీచర్.

"మీ బిడ్డ ఒక్క క్లాసుకు గూడ వస్తలేదు. ఏమైంది?" అని అడిగిందట.

ఇంటికొచ్చి నాన్న ఆ మాట చెప్పినప్పుడు ఆయన మొహం చూడలేకపోయాను. "ఫోను నా తాన్నే ఉంటది మేడం, నేను లోపల ఉంట అని చెప్పిన. అంతకంటే ఏం చెప్పాలె?" అన్నాడు.

మర్నాడే ఆమె వచ్చింది.

బళ్లో మేమంతా ఆమెకు భయపడేవాళ్లం. నవ్వేది కాదు. వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. పరీక్ష పేపర్లు పంచే ముందు ఒక్క క్షణం కళ్లు మూసుకుని మనసులో ప్రార్థన చేసుకునేది. అది మాకోసమో ఆమె ఓపిక కోసమో తెలియక వెనక బల్లల వాళ్లం ముసిముసిగా నవ్వుకునేవాళ్లం. సంగారెడ్డి పక్కన పోతిరెడ్డిపల్లిలో ఉండేది. అక్కడి నుంచి మా గల్లీకి ముప్పై కిలోమీటర్ల పైమాటే. స్కూటీ మీద వచ్చింది, చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, మొహానికి ఒకదాని మీద ఒకటి రెండు మాస్కులు.

స్కూటీ గల్లీలోకి తిరగడం గుమ్మంలోంచి చూసి నేను పారిపోయాను. పారిపోవడానికి ఎక్కడుంది? వరుస చివర అందరికీ కలిపి ఒక స్నానాల గది. అందులో దూరి గడియ పెట్టుకున్నాను. ఆ గదీ, ఆ రేకులూ, తాడు మీద ఆరేసిన మా బట్టలూ ఆమె చూస్తుందని నాకు సిగ్గు.

లోపలికి మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"బయటికి పోయింది టీచరమ్మా," అంది అమ్మ.

"బయటికంటే యాడికి పోతది? అంతా బందే కదా. రానియ్యి, నేను నిలబడ్త."

నిలబడింది. ఎంతసేపో నాకు తెలియదు. బక్కెట్‌లో నీళ్లు చూస్తూ కూర్చున్నాను. చివరికి పక్క గది ఆమె తలుపు తట్టి, "నాకు స్నానం జెయ్యాలె, ఎంతసేపుంటవే లోపల?" అని అరిచింది. బయటికి రాక తప్పలేదు. టీచర్ నన్ను చూసింది, నా పొడి జుట్టునూ చూసింది. సంచిలోంచి చేత్తో రాసి జిరాక్స్ తీసిన కాగితాలు తీసి గడప మీద పెట్టింది.

"మంగళవారం, శుక్రవారం వస్త. ఇవి చేసి పెట్టు. లెక్క రాకుంటే రాలేదని రాయి, ఊకె ఖాళీ ఇడ్సకు," అంది.

అలా ఆమె రావడం మొదలైంది. గడపకు అవతల నిలబడి కాగితాలు దిద్దేది, తప్పు ఎక్కడ జరిగిందో చెప్పేది, కొత్తవి ఇచ్చి పోయేది. అరగంట కంటే ఎక్కువ ఉండేది కాదు. నేను ఎదురుచూశానని చెప్తే అబద్ధం. స్కూటీ చప్పుడు వినగానే మిగిలిపోయిన లెక్కలు గబగబా గీకేదాన్ని. నా బతుకులో మిగిలిన ఒకే ఒక్క తలుపులోంచి కూడా పనే వస్తోంది అనుకునేదాన్ని.

నెల తిరగకముందే నాన్నకు జ్వరం వచ్చింది. ఆయన పనిచేసే చోట ఇద్దరికి అప్పటికే కరోనా తేలింది. నాన్నకూ తేలింది. ఇంట్లోనే ఉండండి, మందులు వాడండి, ఊపిరి ఆడకపోతే చెప్పండి అన్నారు ఆస్పత్రిలో. ఇంట్లో అంటే ఆ గదిలోనే. అమ్మ తన చీర ఒకటి ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టింది. చీరకు అవతల నాన్న, ఇవతల మేము ముగ్గురం. అదే రోజు మధ్యాహ్నం గల్లీవాళ్లు మా వరుస ముందు రెండు వెదురు కర్రలు అడ్డంగా కట్టారు. పంచాయతీ వాళ్లు కాదు, రోజూ పలకరించుకునే వాళ్లే. ఇంటి ఓనరు భార్య దూరం నుంచే, "పద్నాలుగు రోజులు కాలు బయట పెట్టొద్దు. ఏం గావాల్నన్నా కేకెయ్యుండ్రి, కర్రల కాడ పెడ్త," అంది. ఆమె చెప్పినట్టే బియ్యం, పాలు పెట్టేది కూడా. చెడ్డ మనిషి కాదు. కానీ ఆ కర్రలు కడుతున్నప్పుడు తాడు బిగించిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఒక్క లాభం జరిగింది. నాన్న ఇంట్లో ఉన్నాడు కాబట్టి ఫోను కూడా ఇంట్లోనే ఉంది. మూడో రోజు నేను మొదటిసారి ఆన్‌లైన్ క్లాసులోకి వెళ్లాను. రేకుల కింద సిగ్నల్ సరిగా రాదు. టీచర్ బొమ్మ నోరు సగం తెరిచి ఆగిపోయేది, మాట ముక్కలు ముక్కలుగా వచ్చేది. ఆమె నన్ను చూసి, "ఆ, వచ్చినవా? మూడో లెక్క చెప్పు," అంది. మైకు నొక్కి చెప్పబోయాను. చీర వెనక నాన్న దగ్గు అందుకున్నాడు. మామూలు దగ్గు కాదు, ఆగని దగ్గు. నేను మైకు మూయాలని వేలితో నొక్కుతున్నాను, ఫోను మొరాయించింది. ఆ దగ్గు క్లాసంతా విన్నది. చిన్న చిన్న గళ్లలో ఉన్న మొహాలన్నీ కదలకుండా అయిపోయాయి. ఎవరో ఒకమ్మాయి మాత్రం తన ఫోను దూరంగా జరిపింది, రోగం దాంట్లోంచి వస్తుందన్నట్టు.

కాల్ కట్ చేశాను. మళ్లీ ఆ క్లాసులోకి వెళ్లలేదు. టీచర్ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

రెండు రోజుల తర్వాత పొద్దున పదింటికి గల్లీలో స్కూటీ చప్పుడు. కిటికీలోంచి చూశాను. ఆమె కర్రల దాకా వచ్చి ఆగింది. మా కిటికీనీ, వెనక్కి తిరిగి ఎదురు గోడనీ చూసింది. సంచిలోంచి సుద్దముక్క తీసి గోదాం గోడ మీద అడుగెత్తు అక్షరాలతో రాయడం మొదలుపెట్టింది. రెండు సమీకరణాలు, ఒకదాని కింద ఒకటి.

"కనవడ్తున్నదా?" అని అరిచింది మాస్కుల్లోంచి.

నేను తల ఊపాను.

"తలకాయ ఊపుడు నాకు కనవడ్తలేదు. నోటితోని చెప్పు."

"కనవడ్తుంది టీచర్."

ఓనరు భార్య గాబరాగా బయటికి వచ్చింది. "ఏంది మేడం, రోగం ఉన్నోళ్ల ఇంటి ముంగట నిలబడి... మీకు పిల్లలు లేరా, ఇల్లు లేదా?"

"గల్లీ అంత దూరముంది కదమ్మా. నా మాస్కు నాకుంది. మీ గోడ గూడ గాదది. జెర ఆగుండ్రి, పిల్ల లెక్క చేస్తున్నది," అని మళ్లీ గోడ వైపు తిరిగింది.

నేను జవాబులు చూపించడానికి అమ్మ పాత క్యాలెండర్ విప్పి ఇచ్చింది. కాగితాల వెనక చెల్లెలి స్కెచ్ పెన్నుతో పెద్దగా రాసి చువ్వలకు ఆనించి పట్టుకునేదాన్ని. ఆమె కళ్లు చికిలించి చదివి, "గుర్తు తప్పు. మైనస్ యాడికి పోయింది?" అనేది. మా వరుస చివరి గదిలో ఉండే ఏడో తరగతి పిల్ల కూడా వాళ్ల కిటికీ దగ్గర నిలబడి చూసేది. దానికి అర్థమయ్యేది కాదు. అయినా కదిలేది కాదు. ఆ గల్లీలో ఇంకేం ఉంది చూడ్డానికి?

రోజు విడిచి రోజు వచ్చింది. వాన పడిన రోజు గోడ తడిసి సుద్ద పట్టలేదు. ఓనరు ఇంటి కట్టెల పొయ్యి బొగ్గు అడిగి తీసుకుంది, ఒక చేత్తో గొడుగు పట్టుకుని ఇంకో చేత్తో రాసింది. బొగ్గు ఓనరు భార్యే తెచ్చి ఇచ్చింది.

తొమ్మిదో రోజున నాన్న పరిస్థితి బాగా లేదు. ఆశా కార్యకర్త వచ్చి కర్రల అవతల నుంచే రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూడ్డానికి వేలికి పెట్టే మిషన్ ఇచ్చింది. నాన్న వేలికి పెడితే వచ్చిన అంకె చూసి, ఇంకాస్త తగ్గితే ఆస్పత్రికి తీసుకుపోవాల్సి ఉంటుంది అంది. తీసుకుపోయిన వాళ్లలో అందరూ తిరిగి రావడం లేదని మాకు తెలుసు. అమ్మ చీర పక్కన గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. రెండు రోజులుగా నేను పుస్తకం ముట్టలేదు.

అప్పుడు వచ్చింది టీచర్. గోడ మీద కొత్త లెక్క రాసి, "పోయినసారివి చూపియ్యి," అంది.

"చెయ్యలే."

"ఎందుకు చెయ్యలే? టైం లేకనా?"

ఆ మాట ఆమె మామూలుగానే అన్నది. నాలో మాత్రం ఏదో తెగింది. చువ్వలు రెండు చేతులా పట్టుకుని అరిచాను. "మీకేంది టీచర్! అరగంట నిలబడి బండెక్కి పోతరు. మీకు గాలి ఉంటది, రోడ్డు ఉంటది. నేను గీ ఇంట్లనే చావాలె. నాకు లెక్కలొద్దు, మీరూ రావొద్దు!"

వెనక నుంచి అమ్మ నా జుట్టు పట్టుకుని లాగింది. నేను చువ్వలు వదల్లేదు. గల్లీలో తలుపులు తెరుచుకున్నాయి. టీచర్ సుద్దముక్క సంచిలో వేసుకుంది, చేతులు దులుపుకుంది. "సరె బిడ్డా," అంది. స్కూటీ తిప్పుకుని వెళ్లిపోయింది.

నాన్నకు ఇంకా తగ్గలేదు, అలాగని ఎక్కువా కాలేదు. మూడు రోజులు అలా ఊగిసలాడి అంకె పెరగడం మొదలైంది. పద్నాలుగో రోజున గల్లీవాళ్లే వచ్చి కర్రలు విప్పారు. టీచర్ మాత్రం రాలేదు. మంగళవారం రాలేదు, శుక్రవారం రాలేదు. గోడ మీద ఆమె రాసిన లెక్క అలాగే ఉంది. కర్రలు తీసినా నాకు బయటికి వెళ్లాలనిపించలేదు. గడప దాటితే ఆ గోడ దగ్గరికే పోవాలి. అమ్మ రోజూ ఒకే మాట అనేది. "అంతదూరం నుంచి వచ్చే మనిషిని కుక్కను తరిమినట్టు తరిమినవ్."

మూడో వారం ఆమె వచ్చింది. మనిషి చిక్కింది. గడప అవతల నిలబడి, "నాయినకు ఎట్లుంది?" అని అడిగింది. బాగుందన్నాను. "యాడిదాక అయినయ్ లెక్కలు?" అంది. క్షమించమని అడగాలని నోరు తెరిచాను. ఆమె అప్పటికే కాగితాలు తీస్తోంది. అంతలో ఆ సందర్భం దాటిపోయింది. బడి తెరిచేదాకా మళ్లీ వారానికి రెండుసార్లు వచ్చింది. ఆ రోజు సంగతి ఇద్దరం ఎత్తలేదు.

చలికాలం పోయాక బడి కొన్నాళ్లు తెరిచారు, మళ్లీ మూసేశారు. తర్వాత పదో తరగతి పరీక్షలు రద్దు చేశారు. అందరూ పాస్. మా క్లాసులో చదివినవాళ్లకూ, చదవనివాళ్లకూ ఇంచుమించు ఒకే గ్రేడు. ఆ కాగితం చేతిలో పెట్టుకుని నేను ఏడ్చాను. నేను నేర్చుకున్నది ఎవరూ అడగలేదు. ఆ సాయంత్రం టీచర్ ఫోన్ చేసింది.

"పాలిటెక్నిక్ పరీక్ష ఉంది. అది రద్దు కాలే. రేపటి సంది మళ్ల కూసో," అంది.

కూర్చున్నాను. సీటు వచ్చింది. డిప్లొమా అయ్యాక ఇప్పుడు కంది ఊరు దాటాక ఉన్న ఒక కాలేజీలో ఇంజినీరింగ్ చదువుతున్నాను. మేం ఆ గది వదిలేసి రెండు గదుల ఇంట్లోకి మారాం. వెనక వైపు కూడా కిటికీ ఉంది.

ఆమెను కలవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. పోయిన ఏడాది ఒక ఆదివారం పోతిరెడ్డిపల్లిలో ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. చర్చి నుంచి అప్పుడే వచ్చారు. ఆమె భర్త నన్ను కూర్చోమని లోపలికి వెళ్లాడు. గోడకు ఒక ముసలామె ఫోటో, దానికి చిన్న పూలదండ. నేను దారంతా కూడబలుక్కున్న మాట గబగబా చెప్పేశాను. ఆ రోజు అరిచినందుకు క్షమించమని, నా వల్లే ఆమె రెండు వారాలు రాలేదని ఇన్నేళ్లూ అనుకుంటూనే ఉన్నానని.

ఆమె ఫోటో వైపు చూపించింది.

"మా అత్త. మతి సరిగ ఉండేది గాదు. గేటు తెరిచుంటే రోడ్డు మీదికి పొయ్యేది. పిల్లలు లేకున్నా నేను బడికి పొయ్యే రోజులు మా ఆయన ఇంట్ల ఉంటుండె. మీ తానకి వచ్చేటివి నా సెలవు రోజులు. ఆ దినాల ఆయన డ్యూటీకి పోతుండె. పనామె కరోనాకు భయపడి మానేసింది. అత్తకు తినబెట్టి, పండుకోబెట్టి, బయట గొళ్లెం పెట్టి వచ్చేదాన్ని."

నేను మళ్లీ ఆ ఫోటో వైపు చూశాను.

"నువ్వు అరిచిన దినం నేను ఇల్లు చేరేవరకు ఆమె తలుపు కాడ కింద పడి ఉంది. తలుపు తియ్యనీకె చూసి ఉంటది. తుంటి ఎముక ఇరిగింది. అందుకే రాలేదు, నీ మీద కోపంతోని గాదు."

"మీరెందుకు చెప్పలే టీచర్?"

"చెప్తే నువ్వు చదువుదువా?" అంది. "ఇంకోటి గూడ ఉంది. నేను నీ కోసమే వచ్చిన అనుకోకు. గా ఇంట్ల నాకు గూడ ఊపిరాడకపొయ్యేది. ఆ స్కూటీ మీద పోతుంటె జెర మనిషినైనట్టు ఉండేది. అందుకే నువ్వు నాకు గాలి, రోడ్డు అని అన్నప్పుడు నేను ఏం మాట్లాడలే. నిజమే అన్నవ్. అది ఇనుకుంట ఇంటికి పోయి తలుపు తీసిన," అంది.

ఏడాదిన్నర మంచంలో ఉండి ఆ ముసలామె పోయిందట. టీచర్ ఏడవలేదు, నన్ను ఓదార్చనూ లేదు. కూర వేడి చేసి అన్నం పెట్టింది. తింటుంటే ఏ సెమిస్టరు, ఏ సబ్జెక్టు కష్టంగా ఉంది అని అడిగింది.

తిరిగి వచ్చే బస్సులో నా తల పనిచేయలేదు. నాకు చదువు చెప్పడానికి ఒక మనిషి ఇంకో మనిషిని గదిలో పెట్టి గొళ్లెం వేసింది. ఆ గది లోపల ఆ ముసలామె తలుపు ఎన్నిసార్లు కొట్టి ఉంటుంది? ఆ తప్పు ఎవరిది? టీచర్‌ది అనలేను, నాది కాదనీ అనలేను. కృతజ్ఞత తేలికైన సంగతి అనుకుని బయల్దేరాను ఆ పొద్దున. ఆమె ఇచ్చింది ఆమె తీరిక సమయం అనుకున్నాను. తీరిక అనేదే లేని మనిషి ఆమె.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ చేతిలో పని ఆపి విన్నది. "ముందుగాల తెలిస్తే రావొద్దని నేనే చెప్పేదాన్ని," అంది.

"చెప్తే ఇనేదా?"

"ఇనకపోయేది." అమ్మ చెయ్యి తుడుచుకుని, "నంబరుందా నీ తాన?" అంది.

అమ్మ ఏనాడూ టీచర్‌తో ఫోన్‌లో మాట్లాడలేదు. ఏ టీచర్‌కూ ఫోన్ చేయలేదు. కలిపి ఇస్తే ఫోను రెండు చేతులా పట్టుకుని బయట మెట్ల మీదికి వెళ్లింది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను. "టీచరమ్మా, నేను..." అని మొదలుపెట్టి, నేను ఫలానా పిల్ల తల్లినని చెప్పుకుని ఆగిపోయింది. అవతల ఆమె ఏమన్నదో నాకు వినిపించలేదు. అమ్మ అటు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింటోంది. కాసేపటికి, "అత్తమ్మకు ఏమిష్టముండేది తినేతందుకు?" అని అడగడం విన్నాను. ఆ తర్వాత ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.